వేలు చెప్పేది, చెయ్యి గీసేది

అందరికీ నమస్కారం.

ముందుగా ఒకసారి తెర వైపు చూడండి. నల్లటి తెర మీద ఒక తెల్లటి చుక్క కనిపిస్తోంది కదా. నా కుడిచేతిలో ఉన్న ఈ చిన్న పరికరమే ఆ చుక్కని నడిపిస్తుంది. చూడ్డానికి కళ్ళద్దాల పెట్టెలా ఉంటుంది. ఇప్పుడే మీకు నమస్కారం పెట్టాను, చుక్క కదల్లేదు. మైకు సర్దుకున్నాను, అప్పుడూ కదల్లేదు. ఇప్పుడు చూడండి. పైన ఉన్న ఈ పట్టీ మీద బొటనవేలు ఆనించాను. చెయ్యి కొంచెం తిప్పాను. చుక్క కుడివైపు జరిగింది. వేలు తీసేశాను. ఇక చెయ్యి ఎంత ఊపినా అది ఉన్నచోటే ఉంది.

ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ బొటనవేలి గురించే. సైగలతో నడిచే కంట్రోలర్ అనగానే అందరి దృష్టీ కదలిక మీదకి పోతుంది. చెయ్యి ఊపితే బొమ్మ కదిలింది, గాలిలో గీస్తే గీత పడింది అని సంబరపడతాం. అందులో తప్పేమీ లేదు, నాకూ ఆ సంబరం ఇంకా తీరలేదు. కానీ కొన్నేళ్ళుగా ఇలాంటివి తయారుచేస్తూ, విరగ్గొడుతూ, మళ్ళీ తయారుచేస్తూ నేను తెలుసుకున్నది ఒకటుంది. కదలికని కొలవడం కన్నా, ఏ కదలికని పట్టించుకోకూడదో తెలుసుకోవడమే కష్టం. ఆ సంగతి పరికరానికి చెప్పగలిగేది స్పర్శ ఒక్కటే.

మన చేతులు ఊరికే ఉండవు. మాట్లాడుతుంటే ఊగుతాయి, తల గోక్కుంటాయి, కుర్చీ జరుపుతాయి. ఎదుటి మనిషికి ఆ తేడా తెలుస్తుంది. నేను చెయ్యెత్తితే పిలుస్తున్నానో, ఒళ్ళు విరుచుకుంటున్నానో మీకు ఇట్టే అర్థమైపోతుంది, ఎందుకంటే మీరు నా ముఖం చూస్తున్నారు, సందర్భం మీకు తెలుసు. చేతిలో ఉన్న సెన్సర్‌కి ముఖమూ లేదు, సందర్భమూ లేదు. దానికి అందేవి అంకెలు మాత్రమే.

ఈ ఇబ్బంది కొత్తదేమీ కాదు. 1920 ప్రాంతంలో రష్యాలో లియోన్ థెరెమిన్ ఒక వాద్యం తయారుచేశాడు. దాన్నీ ఆయన పేరుతోనే థెరెమిన్ అంటాం. ముట్టుకోకుండా వాయించే వాద్యం అది. నిలువుగా ఉన్న యాంటెనాకి ఒక చెయ్యి దగ్గరగా తెస్తే స్వరం హెచ్చుతుంది, దూరంగా జరిపితే తగ్గుతుంది. మన శరీరానికీ ఆ కడ్డీకీ మధ్య ఉన్న కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం, మారడమే దాని కిటుకు. మరి ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో దానికి ఎలా తెలుస్తుంది? అందుకోసం రెండో చెయ్యి కావాలి. పక్కన వంకీ తిరిగిన మరో యాంటెనా ఉంటుంది, ఆ చేతిని దానికి దగ్గరగా తెస్తే శబ్దం తగ్గిపోతుంది. వందేళ్ళ క్రితమే, గాలిలో వాయించే వాద్యంలో సగం పనిని నిశ్శబ్దం కోసం కేటాయించాల్సి వచ్చింది. ఒక చెయ్యి మొత్తం ఆ పనికే పోయింది. ఇప్పుడు అదే పనిని ఒక వేలు చేస్తోంది.

సరే, ఈ పరికరం లోపల ఏముందో చూద్దాం. ముందు స్పర్శ. ఈ పట్టీ కింద ఉన్నది మామూలు రాగి రేకు, దాని మీద ప్లాస్టిక్ పొర. వేలు దగ్గరైతే రేకు కెపాసిటెన్స్ కొద్దిగా పెరుగుతుంది. ఆ కొద్దిని చిప్ కొలుస్తుంది. వేలితో పనిచేసే కెపాసిటివ్ టచ్ తెర గురించి ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన కేంద్రంలో ఇ. ఏ. జాన్సన్ 1965లోనే రాశాడు. విమానాల రాకపోకలు చూసే తెరల కోసం ఆయన దాన్ని ఆలోచించాడు. ఇప్పుడు మన జేబుల్లో ఉన్న ఫోన్ల తెరలకి మూలసూత్రం అదే.

తర్వాత కదలిక. ఇందులో రెండు సెన్సర్లున్నాయి, యాక్సిలరోమీటర్, జైరోస్కోప్. రెండూ కలిసి ఒకే చిప్‌లో ఉంటాయి, ఆ చిప్ కందిగింజ కన్నా చిన్నది. యాక్సిలరోమీటర్ లోపల సిలికాన్‌తో చెక్కిన ఒక బుల్లి బరువుంటుంది. దాన్ని సన్నటి సిలికాన్ స్ప్రింగులు పట్టుకుని ఉంటాయి. ఆ బరువుకి దువ్వెనలా పళ్ళుంటాయి, ఎదురుగా కదలని పళ్ళు మరో వరస. పరికరాన్ని కుదిపితే బరువు కొంచెం వెనకపడుతుంది, పళ్ళ మధ్య ఖాళీ మారుతుంది, ఖాళీ మారితే కెపాసిటెన్స్ మారుతుంది. గమనించారా, వేలిని పట్టుకునేదీ కెపాసిటెన్సే, కదలికని పట్టుకునేదీ కెపాసిటెన్సే. నాకు ఇందులో చాలా ఇష్టమైన విషయం ఇది. ఇలాంటి చిప్పులకి మొదట పెద్ద గిరాకీ తెచ్చినవి కార్ల ఎయిర్‌బ్యాగులు, 1990లలో. ఢీకొన్న క్షణాన్ని గుర్తించడానికి చేసిన వస్తువు చివరికి చేతి సైగల దగ్గరకి వచ్చి చేరింది.

జైరోస్కోప్ కొలిచేది తిరుగుడు వేగాన్ని, అంటే సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో. పాతకాలం జైరోలో చక్రం తిరిగేది. ఇందులో చక్రమేమీ లేదు, ఒక చిన్న ముక్క అటూ ఇటూ నిరంతరం కంపిస్తూ ఉంటుంది. అది కంపిస్తుండగా మొత్తం పరికరం తిరిగితే, ఆ ముక్క పక్కకి తోసుకుపోతుంది. 1835లో కొరియోలిస్ వివరించిన బలం అదే. ఎంత పక్కకి పోయిందో కొలిస్తే ఎంత వేగంగా తిరుగుతున్నామో తెలుస్తుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. యాక్సిలరోమీటర్ ఉంది కాబట్టి చెయ్యి ఎక్కడుందో తెలిసిపోతుందని అనుకుంటాం. తెలియదు. అది కొలిచేది త్వరణాన్ని. త్వరణాన్ని కాలంతో కూడుతూ పోతే వేగం వస్తుంది, వేగాన్ని మళ్ళీ కూడుతూ పోతే దూరం వస్తుంది, లెక్క ప్రకారం అది నిజమే. కానీ ఈ పరికరాన్ని బల్ల మీద కదలకుండా పెట్టినా దానిలోని అంకె సున్నా చూపించదు. 9.8 చూపిస్తుంది. అది భూమ్యాకర్షణ. చేతిలోంచి జారి కింద పడుతున్నప్పుడు మాత్రమే దాదాపు సున్నా చూపిస్తుంది. అంటే మన చేతి కదలిక కావాలంటే ముందు ఆ 9.8ని తీసెయ్యాలి. తీసెయ్యాలంటే పరికరం ఏ వాలులో ఉందో తెలియాలి. ఆ వాలు విషయంలో ఒక్క డిగ్రీ పొరపాటు పడ్డామనుకోండి. భూమ్యాకర్షణలో 0.017 వంతు పక్కకి లీకవుతుంది, అంటే సెకనుకి సెకనుకి 17 సెంటీమీటర్లు. ఒక సెకనులో వచ్చే తప్పు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. పది సెకన్లలో ఎనిమిదిన్నర మీటర్లు. నేను ఇక్కడే నిలబడి ఉంటే, పరికరం మాత్రం నేను ఈ హాలు గోడ దాటి పోయాననుకుంటుంది.

కళ్ళకి గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషి లాంటిది ఈ సెన్సర్. నాలుగడుగుల వరకు పర్వాలేదు. నాలుగొందల అడుగుల తర్వాత ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

కోణం విషయంలో పరిస్థితి కొంచెం మెరుగు. జైరో అంకెల్ని ఒక్కసారి కూడితే చాలు, కోణం వస్తుంది. అది కూడా మెల్లగా జారిపోతుంది, కానీ కింద ఏ వైపు ఉందో భూమ్యాకర్షణ ఎప్పటికప్పుడు గుర్తుచేస్తూ ఉంటుంది. తొందరగా జరిగే మార్పుకి జైరోని నమ్మడం, నిదానంగా ఉన్నప్పుడు యాక్సిలరోమీటర్‌ని నమ్మడం. ఇలా రెండింటినీ కలిపే లెక్కలు చాలా ఉన్నాయి, 1960లో వచ్చిన కాల్మన్ ఫిల్టర్ నుంచి 2010 ప్రాంతంలో వచ్చిన మాడ్‌విక్ ఫిల్టర్ దాకా. మా పరికరంలో ఉన్నది రెండోదే. కానీ ఒక్క లోటు మిగిలిపోతుంది. నిలబడి ఉన్నచోటే కుడికో ఎడమకో తిరిగితే భూమ్యాకర్షణ దిశ మారదు, కాబట్టి ఆ తిరుగుడులో పడే తప్పుని అది దిద్దలేదు. దిక్సూచి చిప్ పెట్టొచ్చు. కానీ ఇనప బల్లలు, స్పీకర్లలోని అయస్కాంతాలు ఉన్నచోట దిక్సూచి మాట నమ్మలేం.

దీనికి బయటి సాయం తీసుకున్నవాళ్ళున్నారు. 2006 నవంబర్‌లో నింటెండో వీ అనే వీడియో గేమ్ యంత్రం వచ్చినప్పుడు దాని రిమోట్‌లో జైరో లేదు, యాక్సిలరోమీటర్ ఒక్కటే ఉంది. తెర మీద గురి చూపడానికి రిమోట్ ముక్కు దగ్గర ఒక చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టారు. టీవీ దగ్గర పెట్టే బార్‌ని అందరూ సెన్సర్ బార్ అనేవాళ్ళు, నిజానికి అందులో సెన్సరేమీ లేదు. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు మాత్రమే. వాటి బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడినవాళ్ళూ ఉన్నారు. జైరో తర్వాత వచ్చింది, 2009లో, మోషన్‌ప్లస్ అనే అదనపు ముక్కగా. 2010లో సోనీ ప్లేస్టేషన్ మూవ్ తెచ్చింది, దాని తల మీద వెలిగే బంతి, ఎదురుగా దాన్ని చూసే కెమెరా. అంటే పరికరం తన గురించి తాను చెప్పుకునే మాటని బయటి నుంచి ఒకరు చూసి సరిచేస్తున్నారన్నమాట.

బయట కెమెరా లేకపోతే? ఇక్కడే బొటనవేలు మళ్ళీ వస్తుంది.

నా మొదటి కంట్రోలర్‌లో స్పర్శ లేదు. ఒక నాటక బృందం రిహార్సల్ హాల్లో దీపాల కోసం చేశాను. దర్శకుడు చెయ్యి పైకెత్తితే వెలుగు పెరగాలి, దించితే తగ్గాలి. నా గదిలో అద్భుతంగా పనిచేసింది. హాల్లో మొదటి పది నిమిషాల్లోనే ఇబ్బంది బయటపడింది. ఆయన నటులతో చేతులు తిప్పుతూ మాట్లాడే మనిషి. ప్రతి వాక్యానికీ హాలు వెలుగుతోంది, ఆరుతోంది. నటులు సంభాషణ మరిచిపోయారు. ఆ సాయంత్రం నాకు చాలా బాధగా అనిపించింది, ఎందుకంటే సెన్సర్ తప్పు ఏమీ లేదు. అది చెప్పింది చెప్పినట్టే చేస్తోంది.

మొదట నాకు తట్టిన ఉపాయం, రెండుసార్లు గట్టిగా కుదిపితే మొదలు, మళ్ళీ కుదిపితే ఆఖరు. సైగని మొదలుపెట్టడానికి మరో సైగ. అది ఇంకా ఇబ్బంది పెట్టింది. కుదపడం అయ్యాక చెయ్యి స్థిరపడేసరికి అర సెకను పోతోంది, ఆపడానికి కుదిపితే ఆ కుదుపే దీపాల్ని కదిలిస్తోంది. చివరికి ఒక రాగి టేపు ముక్క అంటించి, వేలు ఆన్చినంతసేపే కదలికని లెక్కలోకి తీసుకోమని రాశాను. రాసింది నాలుగు లైన్ల ప్రోగ్రామ్. మర్నాడు దర్శకుడు దాన్ని చేతిలో పెట్టుకుని మూడు గంటలు రిహార్సల్ నడిపారు. దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పరికరం బాగుందని నాకు తెలిసింది ఆ మౌనం వల్లే.

ఈ రంగంలో దీన్ని క్లచ్ అంటారు. కారులో క్లచ్ లాంటిదే, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రానికి అందించాలా వద్దా అన్నది మన చేతుల్లో ఉంటుంది. మీరు రోజూ వాడే మౌస్‌లోనూ ఇదుంది. బల్ల అంచు వచ్చేస్తే ఏం చేస్తారు? మౌస్‌ని ఎత్తి వెనక్కి తెచ్చి పెడతారు. ఎత్తినప్పుడు బాణం గుర్తు కదలదు. ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసింది. గాలిలో ఊపే పరికరానికి బల్ల లేదు, ఎత్తడానికీ దించడానికీ ఏమీ లేదు. కాబట్టి ఆ బల్లని మనమే కల్పించాలి. స్పర్శ పట్టీయే ఆ బల్ల.

1980లో ఎమ్ఐటీలో రిచర్డ్ బోల్ట్ ఒక ప్రయోగం చేశాడు. గోడంత తెర ముందు కూర్చున్న మనిషి వేలితో చూపిస్తూ 'అది అక్కడ పెట్టు' అంటాడు. ఎటు చూపిస్తున్నాడో చేతికి కట్టిన సెన్సర్ చెబుతుంది, ఎప్పుడు అన్నది మాట చెబుతుంది. 'అది' అన్న క్షణంలో చెయ్యి ఎటుందో అదే లెక్క. క్లచ్ అక్కడ మాట రూపంలో ఉంది. కంటిచూపుతో కంప్యూటర్ నడిపే ప్రయోగాల్లోనూ ఇదే ఎదురైంది. చూసిన ప్రతిదాన్నీ యంత్రం ఎంచుకుంటూ పోతే మనిషి దేన్నీ ఊరికే చూడలేడు. ముట్టుకున్నదల్లా బంగారమైన మైడాస్ రాజు పేరు మీద రాబర్ట్ జేకబ్ 1990లో దాన్ని మైడాస్ టచ్ సమస్య అన్నాడు. కంటికైనా చేతికైనా రోగం ఒకటే.

ఇప్పుడు ఇందాకటి లెక్కకి తిరిగి వెళ్దాం. వేలు ఆనించిన క్షణాన్ని సున్నాగా తీసుకుంటే, సైగ ఎంతసేపుంటుంది? సెకను, మహా అయితే రెండు సెకన్లు. గంతలు కట్టుకున్న మనిషి నాలుగడుగులే వేస్తున్నాడు. తప్పు పెరిగేలోపు సైగ అయిపోతుంది. వేలు తీసేశాక చెయ్యి కాసేపు కదలకుండా ఉంటే, ఆ సమయంలో జైరో తన సున్నాని మళ్ళీ సరిచూసుకుంటుంది. తర్వాతి స్పర్శకి మళ్ళీ కొత్త లెక్క. చూడండి, మనసులో మాట చెప్పడానికి పెట్టిన స్పర్శ, సెన్సర్ బలహీనతని కూడా కప్పేస్తోంది. నేను దీన్ని పనిగట్టుకుని సాధించలేదు. ఆ రాగి టేపు అంటించిన రోజు ఇది నాకు తెలియదు. నెలల తర్వాత, చుక్క జారిపోవడం ఎందుకు తగ్గిందా అని వెతుకుతుంటే దొరికింది.

సైగని గుర్తుపట్టడం కూడా దీనివల్లే తేలికవుతుంది. గాలిలో వృత్తం గీశారా, సున్నా చుట్టారా, టిక్కు పెట్టారా అని పోల్చాలంటే గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ముందు తెలియాలి. ఆగకుండా వచ్చే అంకెల ప్రవాహంలో ఆ రెండు చివర్లూ వెతకడమే సగం యుద్ధం. వేలు ఆ రెండు చివర్లూ గుర్తుపెట్టి ఇచ్చేస్తుంది. అప్పుడు పెద్ద పెద్ద మోడళ్ళు అక్కర్లేదు. ఆ మనిషి చేత ఐదుసార్లు గీయించుకుని దాచుకున్న నమూనాలతో పోలిస్తే సరిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

ఇంతా చెప్పి స్పర్శలో ఇబ్బందులే లేవన్నట్టు మాట్లాడకూడదు. అందులో మూడు నన్ను బాగా ఏడిపించాయి.

మొదటిది వేలు తీసే క్షణం. మీరు చుక్కని జాగ్రత్తగా సరైన చోటికి తెచ్చారు. ఇక చాలని వేలు ఎత్తారు. ఎత్తడంలో చెయ్యి కొంచెం కదిలింది, చుక్క పక్కకి తప్పుకుంది. బటన్ నొక్కినా ఇంతే. చూసే ప్రయత్నమే చూడాల్సినదాన్ని కదిలించేస్తోంది కాబట్టి పరిశోధకులు దీనికి హైజెన్‌బర్గ్ ప్రభావం అని పేరు పెట్టారు. దీనికి మందేమిటంటే, వేలు లేచిందని తెలియగానే ఆ క్షణపు విలువ కాకుండా, అంతకు కొంచెం ముందటి విలువ తీసుకోవడం. పరికరం ఎప్పుడూ గత పావు సెకను కదలికని గుర్తుంచుకుంటుంది. వేలు లేచాక ఒక 80 మిల్లీసెకన్లు వెనక్కి వెళ్ళి, చెయ్యి స్థిరంగా ఉన్నప్పటి చోటునే అసలు చోటుగా తీసుకుంటుంది. ఈ 80 అన్న అంకె మా చేతుల మీద ప్రయత్నించి పెట్టుకున్నది, మీ పరికరానికి మీరు చూసుకోవాల్సిందే.

రెండోది చెమట. తడి వేలికీ పొడి వేలికీ కెపాసిటెన్స్‌లో చాలా తేడా ఉంటుంది. పట్టీ మీద తడి మిగిలిపోతే వేలు తీసినా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే స్పర్శ మొదలైందని చెప్పడానికి ఒక హద్దు, ముగిసిందని చెప్పడానికి అంతకన్నా తక్కువగా మరో హద్దు పెడతాం. ఒకటే హద్దు పెడితే వేలు అంచు మీద ఉన్నప్పుడు ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అని కొట్టుకుంటూ ఉంటుంది. చేతికి చేతొడుగు ఉంటే ఇక చెప్పేదేముంది, దానికి నొక్కుడుని కొలిచే సెన్సర్ వేరే పెట్టాల్సి వస్తుంది.

మూడోది కనిపెట్టడానికి నాకు వారం పట్టింది. టచ్ చిప్పులు గాలిలో తేమ, వేడి మారినా తట్టుకోవడానికి 'వేలు లేనప్పటి విలువ' ఎంతో ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉంటాయి. ఎవరైనా వేలిని చాలాసేపు అలాగే ఆనించి ఉంచితే? వేలు ఉండటమే మామూలు స్థితి అని చిప్ నేర్చేసుకుంటుంది. నిమిషం తర్వాత మీరు పట్టుకునే ఉన్నారు, పరికరం మాత్రం వదిలేశారని అనుకుంటుంది. వేలు ఉన్నంతసేపు ఆ నేర్చుకోవడాన్ని ఆపేయాలి. చిప్‌తో వచ్చిన కాగితాల్లో ఆ సంగతి ఉంది, నేనే శ్రద్ధగా చదవలేదు.

ఇక వణుకు. ఎంత ఆరోగ్యంగా ఉన్నా ప్రతి మనిషి చెయ్యీ సెకనుకి 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతుంది. కంటికి కనిపించదు, సెన్సర్‌కి కనిపిస్తుంది. చుక్క గజగజలాడుతుంది. ఫిల్టర్ పెట్టి నునుపు చేస్తే వణుకు పోతుంది, కానీ చుక్క చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. నునుపు కావాలంటే ఆలస్యం భరించాలి, ఆలస్యం వద్దంటే వణుకు భరించాలి. చాలా రోజులు ఈ రెండింటి మధ్యా కొట్టుమిట్టాడాం. 2012లో కాజియే, రూసెల్, వోగెల్ అనే ముగ్గురు పరిశోధకులు 1 యూరో ఫిల్టర్ అని ఒకటి ప్రచురించారు. దాని ఆలోచన ఎంత సరళమో వినండి. చెయ్యి నెమ్మదిగా కదులుతున్నప్పుడు మనిషికి వణుకు తెలుస్తుంది, ఆలస్యం తెలియదు. వేగంగా కదులుతున్నప్పుడు ఆలస్యం తెలుస్తుంది, వణుకు తెలియదు. కాబట్టి వేగాన్ని బట్టి నునుపుని మార్చు. అంతే. కొన్ని లైన్లలో రాసేయొచ్చు. దాన్ని పెట్టిన రోజు మా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం అందరం పరికరాన్ని ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కున్నాం.

ఆలస్యం గురించి మాటొచ్చింది కాబట్టి చెబుతాను. దీపాలకైతే పదో వంతు సెకను ఆలస్యమైనా ఎవరూ గమనించరు. సంగీతానికైతే కుదరదు. డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ అనే ఇద్దరు వాద్యాల కోసం 10 మిల్లీసెకన్లని పైహద్దుగా సూచించారు. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్‌లో ఒక కబురుకీ తర్వాతి కబురుకీ మధ్య చాలా పరికరాల్లో కనీసం ఏడున్నర మిల్లీసెకన్లు ఉంటుంది. రేడియో ఒక్కటే అంత తినేస్తే సెన్సర్‌కీ ఫిల్టర్‌కీ స్పీకర్‌కీ మిగిలేది ఎంత? అందుకే వేదిక మీద వాయించేవాళ్ళు వేరే రేడియోలు వాడతారు, లేదా వైరుకే కట్టుబడి ఉంటారు. ఇలాంటి వాద్యాల్లో నేను తలుచుకునేది మిషెల్ వైస్‌విస్ 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టైమ్ అనే స్టూడియోలో చేసిన 'ద హ్యాండ్స్'. రెండు చేతులకీ తొడుక్కునేది, వేళ్ళకింద మీటలు, చేతుల మధ్య దూరాన్ని కొలిచే సెన్సర్. వేళ్ళు స్వరాన్ని మొదలుపెడతాయి, చేతులు దానికి ఆకారం ఇస్తాయి. ఆ పొందిక అప్పటికే అక్కడుంది.

వేలి కింద ఏదో ఒకటి ఉండటం వల్ల ఇంకో మేలుంది. 2010లో వచ్చిన కైనెక్ట్ అనే వీడియో గేమ్ కెమెరా పరికరం, చేతిలో ఏ పరికరమూ లేకుండా ఒంటి కదలికనంతా కెమెరాతో పట్టుకుంది. గొప్ప పని. కానీ ఖాళీ గాలిలో చెయ్యి చాపితే యంత్రం మన మాట విన్నదో లేదో వేలికి తెలియదు, తెర చూసి తెలుసుకోవాలి. చేతిలో వస్తువుంటే అదే జవాబు చెప్పగలదు. మా పరికరంలో వేలు ఆనగానే ఒక చిన్న 'టిక్' కంపం వస్తుంది. సెకనుకి 250 సార్లకి దగ్గరగా ఉండే కంపాన్ని మన చర్మం అన్నిటికన్నా బాగా పసిగడుతుంది. ఆ టిక్ వస్తే, కళ్ళు ఎటున్నా, నా మాట అందిందని తెలుస్తుంది. దీంతో ఒక చిక్కు లేకపోలేదు. ఆ కంపం పక్కనే ఉన్న యాక్సిలరోమీటర్‌ని కూడా కుదుపుతుంది, పరికరం తన టిక్‌నే మీ సైగ అనుకుంటుంది. ఆ కొన్ని మిల్లీసెకన్లు యాక్సిలరోమీటర్ మాట వినకుండా జైరోతోనే నెట్టుకొస్తాం.

చేతికి విశ్రాంతి దొరకడం కూడా స్పర్శ వల్లే. గాలిలో చెయ్యి చాపి పెట్టి ఉంచితే రెండు మూడు నిమిషాల్లో భుజం లాగేస్తుంది. క్లచ్ ఉంటే మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించుకుని, మణికట్టు కొద్దిగా తిప్పి, వదిలి, వెనక్కి తెచ్చి, మళ్ళీ తిప్పవచ్చు. మౌస్ ఎత్తి పెట్టినట్టే.

వర్చువల్ రియాలిటీ కంట్రోలర్లు ఈ ఆలోచనని మరో దారిలో తీసుకెళ్ళాయి. 2016 చివర్లో వచ్చిన ఆక్యులస్ టచ్‌లో బటన్ నొక్కకముందే, వేలు దాని మీద ఆని ఉందో లేదో తెలుస్తుంది. చూపుడువేలు ఎత్తితే ఆటలోని చెయ్యి కూడా చూపుడువేలు చాపుతుంది. 2019లో వచ్చిన వాల్వ్ ఇండెక్స్ కంట్రోలర్‌లో 87 సెన్సర్లున్నాయి. దాన్ని చేతికి పట్టీతో బిగించుకుంటాం, కాబట్టి అరచెయ్యి పూర్తిగా తెరిచినా కింద పడదు. ఇక్కడ వదిలేయడం కూడా ఒక సైగే. బంతి విసరాలంటే నిజంగానే వేళ్ళు విప్పాలి. ఇది నాకు బాగా నచ్చింది. పట్టుకోవడాన్నే కాదు, వదలడాన్ని కూడా యంత్రం అర్థం చేసుకుంటోంది.

చివరగా ఒకరి గురించి చెప్పాలి. పేరు చెప్పను. చేతుల వణుకు ఎక్కువగా ఉన్న ఒక పెద్దావిడ మా పరికరాన్ని ప్రయత్నించారు. వేలు ఆనించి ఉంచడమే ఆమెకి కష్టం, ఆనిన వేలు క్షణక్షణానికీ లేచిపోతోంది. నేను ఇంతసేపు పొగిడిన క్లచ్ ఆమెకి అడ్డుగోడలా మారింది. అప్పుడు మార్చాం. ఒకసారి తడితే మొదలు, మళ్ళీ తడితే ఆఖరు, మధ్యలో పదో వంతు సెకను కన్నా తక్కువసేపు ఆనినవాటిని లెక్కచేయకూడదు. ఫిల్టర్ కూడా ఆమె చేతి వణుకు కొలిచి దానికి తగ్గట్టు పెట్టాం. ఆమె తెర మీద మొదటిసారి ఒక గీత గీశారు. వంకరగానే ఉంది, కానీ ఆమె అనుకున్నచోట మొదలై అనుకున్నచోట ఆగింది. అప్పటి నుంచి ప్రతి పరికరంలోనూ పట్టి ఉంచే పద్ధతి, తట్టి వదిలే పద్ధతి రెండూ పెడుతున్నాం, ఏది కావాలో వాడేవాళ్ళే ఎంచుకుంటారు. ఎడమచేతి వాళ్ళ కోసం పట్టీని మధ్యలోకి తెచ్చాం.

ఇక మాటలు చాలు. నా దగ్గర ఇలాంటివి ఆరున్నాయి, ముందు వరస నుంచి వెనక్కి పంపుతున్నాను. ముందు మణికట్టుకి తాడు వేసుకోండి, ఇది నా విన్నపం. వీ వచ్చిన కొత్తలో ఊపులో చేతుల్లోంచి రిమోట్లు ఎగిరిపోయి, ఆ తాడుని 0.6 మిల్లీమీటర్ల నుంచి 1 మిల్లీమీటర్ మందానికి మార్చాల్సి వచ్చింది. మా తాడు అంతకన్నా మందంగానే ఉంది. తెర మీద ఇప్పుడు ఆరు చుక్కలు వస్తాయి, మీ పరికరం మీద ఉన్న రంగే మీ చుక్క రంగు. బొటనవేలు ఆనించండి, టిక్ అందేదాకా ఆగండి, అప్పుడు తిప్పండి. చేతులు చెమట పట్టి ఉంటే ఒకసారి తుడుచుకోండి. పక్కవాళ్ళకి ఇచ్చేటప్పుడు వేలు తీసి ఇవ్వండి, చుక్క మీరు వదిలినచోటే ఉంటుంది, వాళ్ళు అక్కడి నుంచి అందుకుంటారు.